జూరీ తీర్పు - రచయిత తీర్పు

న్యాయస్థానంలో తీర్పు వెలువడి, దోషి నవ్వుతూ మెట్లు దిగిపోయిన తరువాత రచయితకు మిగిలే పని ఏమిటి? బలవంతుడు శిక్ష తప్పించుకున్న ప్రతిసారీ ప్రజలలో ఒక ఉక్రోషం పుడుతుంది. అది నాలుగు రోజులు రచ్చబండల దగ్గరా, హోటళ్ళలోనూ మాటలుగా చెలరేగి, చివరకు "లోకమే ఇంత" అనే నిట్టూర్పుగా ఇంకిపోతుంది. ఆ నిట్టూర్పునే అందమైన మాటలలో చెప్పి ఊరుకునే సాహిత్యం ఉన్నది. ఆ నిట్టూర్పు వల్ల ఎవరికి లాభమో విప్పి చూపే సాహిత్యమూ ఉన్నది. ఈ రెండింటి మధ్య తేడా కేవలం శిల్పానికి సంబంధించినది కాదు, దృక్పథానికి సంబంధించినది. ఒకే ఒక్క కేసును ఆధారంగా తీసుకుని ఆ తేడాను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1955 ఆగస్టులో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుడు షికాగో నుంచి మిసిసిపీ రాష్ట్రంలోని బంధువుల ఇంటికి వచ్చాడు. మనీ అనే పల్లెలో ఒక తెల్లవాడి చిల్లర దుకాణంలో ఆ దుకాణదారుని భార్యతో చనువుగా ప్రవర్తించాడన్నది అతని మీద మోపిన నేరం. ఆగస్టు 28వ తేదీ రాత్రి ఆ దుకాణదారు రాయ్ బ్రయంట్, అతని సవతి సోదరుడు జె. డబ్ల్యు. మైలం కలిసి పిల్లవాణ్ణి నిద్రలో నుంచి లేపి ఎత్తుకుపోయారు. మూడు రోజుల తరువాత టలహాచీ నదిలో శవం దొరికినది. పత్తి జిన్నింగు యంత్రం తాలూకు ఇనుప పంకాను ముళ్ళ తీగతో మెడకు కట్టి నీళ్ళలో పడవేశారు. షికాగోలో తల్లి శవపేటిక మూత తెరిపించి, తన బిడ్డకు చేసినదేమిటో లోకం చూడాలన్నది. వేలాది జనం వచ్చి చూశారు.

సెప్టెంబరులో సమ్నర్ పట్టణంలో విచారణ అయిదు రోజులు జరిగినది. జూరీలో పన్నెండుగురూ తెల్లవారే, పన్నెండుగురూ మగవారే. పిల్లవాడి తాత వరస అయిన మోజ్ రైట్ అనే ముసలి కౌలుదారు సాక్షి బోనులో లేచి నిలబడి, చెయ్యి చాపి, హంతకులను చూపించాడు. ఆ నేల మీద ఒక నల్లవాడు తెల్లవాడి వంక వేలు చూపడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. తరువాత అతను ఆ రాష్ట్రమే విడిచి పోవలసి వచ్చినది. జూరీ గదిలో ఉన్నది 67 నిమిషాలు. మధ్యలో సోడా తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని ఒక జూరీ సభ్యుడు అన్నాడు. తీర్పు: నిర్దోషులు. నవంబరులో మరొక కౌంటీ గ్రాండ్ జూరీ, పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన నేరం మీద కూడా అభియోగం మోపడానికి నిరాకరించినది. ఎత్తుకుపోయినట్లు వాళ్ళే ఒప్పుకున్నప్పటికీ!

1956 జనవరిలో 'లుక్' పత్రిక సుమారు నాలుగు వేల డాలర్లు చెల్లించి ఆ ఇద్దరి కథ ప్రచురించినది. చంపినది తామేనని వాళ్ళు చెప్పుకున్నారు. ఒకసారి నిర్దోషిగా విడుదలైన వాణ్ణి అదే నేరానికి మళ్ళీ విచారించరాదన్న సూత్రం వాళ్ళకు కవచమయినది. పౌరుణ్ణి ప్రభుత్వపు వేధింపు నుంచి కాపాడడానికి పుట్టిన సూత్రం అది. మంచి చట్టం కూడా ఎవరి చేతిలో ఉన్నదన్న దానిని బట్టి పనిచేస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పల్లెటూరి చిల్లర దుకాణం నడుపుకునేవాడు బలవంతుడు ఎలా అవుతాడు? బ్రయంట్ దుకాణంలో సరుకులు కొనేది పత్తి చేలలో పాలికి దున్నే నల్లజాతి బీదలే. స్వంతంగా చూస్తే వాడు ధనికుడు కాడు. వాడి బలం వాడిది కాదు, వాడి వెనుక నిలబడిన వ్యవస్థది. సమ్నర్‌లో ఉన్న అయిదుగురు ప్లీడర్లూ నిందితుల పక్షానే నిలిచారు. కౌంటీ షెరీఫు సాక్షి బోనెక్కి, ఆ శవం ఎవరిదో చెప్పలేమన్నాడు. జూరీ సభ్యులను ఎంచుకునేది ఓటర్ల జాబితా నుంచి. కౌంటీ జనాభాలో సగానికి మించి నల్లవారైనా, ఆ జాబితాలో ఒక్క నల్లవాడి పేరు లేదు. స్త్రీలకు మిసిసిపీ జూరీలో చోటు దొరికినది 1968లో. అంటే, 67 నిమిషాలలో పుట్టిన తీర్పు కాదు ఇది. ఓటర్ల జాబితా తయారైన నాడే సగం రాసి పెట్టిన తీర్పు.

తరువాత జరిగిన సంగతి మరీ గమనించదగినది. తమ నేరం అచ్చులో ఒప్పుకున్నాక వాళ్ళ దుకాణాలకు నల్లవారు వెళ్ళడం మానేశారు, అవి మూతపడ్డాయి. మైలంకు కౌలుకు భూమి ఇవ్వడానికి తెల్ల భూస్వాములు కూడా వెనుకాడారు. పని తీరిన తరువాత పెద్దలు తమ చేతి కర్రను పారవేశారు. కోర్టు వెయ్యని శిక్షలో కొంత భాగాన్ని వెయ్యగలిగినది పాలేర్ల బహిష్కారమే.

ఇంత వస్తువు దొరికినప్పుడు రచయితలు ఏమి చేశారు? ముందుగా వచ్చినవి విలాప గీతాలు. లాంగ్‌స్టన్ హ్యూస్ వెంటనే రాశాడు. క్యూబా కవి నికొలాస్ గియెన్ ఎలిజీ రాశాడు. మార్టినిక్ దీవి కవి ఎమే సెజేర్ ఫ్రెంచి భాషలో రాశాడు. మిసిసిపీ రాష్ట్రంలో జరిగిన హత్య సముద్రాలు దాటి కవులను కదిలించడం చిన్న విషయం కాదు. విలాపం అవసరమే. లోకం చూడాలన్న ఆ తల్లి పనినే కవులు కొనసాగించారు. కాని విలాపం తీర్పుకు ముందే ఆగిపోతుంది. చంపబడినవాణ్ణి చూపుతుంది; విడిచిపెట్టిన యంత్రాన్ని చూపదు.

రెండవ రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. ఇది 1960లో వచ్చినది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమానం పొందినది. టిల్ కేసు కథ కాదిది. ఇందులో జూరీ హంతకుణ్ణి విడిచిపెట్టదు, నిర్దోషి అయిన టామ్ రాబిన్సన్‌ను శిక్షిస్తుంది. అయినా జూరీ అదే, బోను అదే. నవల చదివించే శక్తి గలది. పిల్ల కళ్ళతో కోర్టును చూపిన పద్ధతిలో నిజాయితీ ఉన్నది. కాని దాని పరిష్కారం చూడండి. నేరమంతా బాబ్ యూయెల్ అనే బీద తెల్లవాడి నెత్తిన పడుతుంది. ఊరిలో మర్యాదస్తులందరూ చేతులు కడుక్కుంటారు. ఆటికస్ ఫించ్ అనే సజ్జనుడైన ప్లీడరు ఓడిపోయి కూడా గొప్పవాడవుతాడు. చివరకు యూయెల్ చీకటిలో చస్తాడు, షెరీఫు ఆ సంగతి కప్పిపుచ్చుతాడు, పాఠకుని మనస్సు తేలికపడుతుంది. జూరీ మీద పుట్టిన కోపం ఒక వ్యక్తి చావుతో చల్లారుతుంది. జూరీ మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉన్నది!

మన సాహిత్యంలో దీనికి పోలిక లేకపోలేదు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు మంచి ప్లీడరే, సందేహం లేదు. కాని గురజాడ ఆ మంచితనానికి హద్దు గీసి చూపించాడు. లుబ్ధావధాన్లను ఖూనీ కేసు నుంచి బయటపడవేసే కీలకం పంతులుగారి సౌజన్యంలో లేదు, ఆయన కన్నెత్తి చూడడానికి ఇష్టపడని మధురవాణి చేతిలో ఉన్నది. సజ్జనుణ్ణి గౌరవిస్తూనే అతని గుడ్డితనం చూపడం గొప్ప రచయిత లక్షణం. హార్పర్ లీ తన సజ్జనుణ్ణి గౌరవించినది. అతని గుడ్డితనం ఆ నవలలో ఆమెకు కనబడలేదు.

గ్వెండొలిన్ బ్రూక్స్ షికాగో నల్లజాతి కవయిత్రి. 1960లో వెలువడిన 'ది బీన్ ఈటర్స్' సంపుటిలో ఆమె ఈ కేసు మీద ఒక దీర్ఘ కవిత రాసినది. శీర్షికలోనే ఇద్దరు తల్లులున్నారు: మిసిసిపీలో తచ్చాడే షికాగో నల్ల తల్లి, వంటింట్లో పంది మాంసం మాడ్చుకుంటున్న మిసిసిపీ తెల్ల తల్లి. కవిత నడిచేదంతా రెండవ ఆమె మనస్సులో. భర్త నిర్దోషిగా ఇంటికి వచ్చాడు. తాను పాత గాథాగేయాలలో రాకుమారిననీ, భర్త తనను రక్షించిన వీరుడనీ, చచ్చినవాడు రాక్షసుడనీ ఆమె ఊహించుకోబోతుంది. ఊహ కుదరదు. రాక్షసుడికి పద్నాలుగేళ్ళే. ఇంతలో భోజనాల బల్ల దగ్గర భర్త అల్లరి చేస్తున్న తన పసిబిడ్డను చెంపదెబ్బ కొడతాడు. కోర్టు విడిచిపెట్టిన చెయ్యి ఇంట్లో పని మొదలుపెట్టినది.

పీడితుల పక్షాన ఉన్న కవయిత్రి పీడకుని భార్య మనస్సులోకి ఎందుకు పోవాలి అని కొందరు అడగవచ్చు. సమాధానం కవితలోనే ఉన్నది. జూరీ నమ్మినది ఒక కథను: అబల, దుర్మార్గుడు, వీరుడు. ఆ కథ కూలితే తప్ప తీర్పు కూలదు. బ్రూక్స్ ఆ కథను దాని కథానాయిక నోటనే కూల్చినది. అయితే అంతరాత్మే శిక్షిస్తుందిలే అనే తేలిక ఓదార్పు ఆమె ఇవ్వలేదు. ఆ తెల్ల స్త్రీలో భర్త మీద ద్వేషం పుడుతుంది. అది సాక్ష్యంగా మారదు. మాడిన కూరతో పాటు నిజమూ వంటింట్లోనే ఉండిపోతుంది. ఆ తరువాతి చరిత్ర కవయిత్రినే సమర్థించినది. నిజ జీవితంలో ఆ స్త్రీ మీద అభియోగం మోపడానికి 2022 ఆగస్టులో కూడా గ్రాండ్ జూరీ నిరాకరించినది. 2023లో ఆమె విచారణ ఎరగకుండానే మరణించినది.

1964లో న్యూయార్కులో ప్రదర్శింపబడిన జేమ్స్ బాల్డ్విన్ నాటకం 'బ్లూస్ ఫర్ మిస్టర్ చార్లీ' ఇంకొక అడుగు ముందుకు వేసినది. టిల్ కేసును దూరపు ఆధారంగా తీసుకున్నానని బాల్డ్విన్ స్వయంగా చెప్పాడు. 1963లో హత్యకు గురైన ఉద్యమకారుడు మెడ్గర్ ఎవర్స్ స్మృతికీ, అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో చనిపోయిన బాలికల స్మృతికీ దానిని అంకితమిచ్చాడు. రంగస్థలం మీద చర్చి, కోర్టు ఒకే కట్టడంలా కనిపిస్తాయి. ఊరు తెల్లవాడ, నల్లవాడగా చీలి ఉంటుంది. దుకాణదారు లైల్ బ్రిటెన్ రిచర్డ్ హెన్రీని చంపుతాడు, జూరీ విడిచిపెడుతుంది.

నాటకంలో అసలు పాత్ర మాత్రం హంతకుడు కాడు. పార్నెల్ జేమ్స్ అనే తెల్ల పత్రికా సంపాదకుడు. చదువుకున్నవాడు, ఉదారుడు, నల్లవారికి మిత్రుడు, లైల్‌కు కూడా మిత్రుడు! లైల్ భార్య బోనులో అబద్ధమాడినప్పుడు, దానిని అబద్ధమని తెలిసిన పార్నెల్ నోరు విప్పడు. ఆటికస్ ఫించ్‌కు బాల్డ్విన్ ఇచ్చిన జవాబు పార్నెల్ అనుకుంటే తప్పు లేదు. తీర్పు చెప్పినది పన్నెండుగురే కాదు, మౌనంగా ఉన్న ఆ పదమూడవవాడు కూడా. నాటకంలో లోపాలు లేకపోలేదు. ఉపన్యాసాలు ఎక్కువ, పత్తి చేల ఆర్థిక బంధం పలచగా కనిపిస్తుంది, ద్వేషానికి మూలం చాలాసార్లు కామంలోనే వెదకబడుతుంది. అయినా ముగింపు సరైనది. నల్లవారి ఊరేగింపులో తాను కూడా నడవవచ్చునా అని పార్నెల్ అడుగుతాడు. మిత్రుడు అనుమతి అడగవలసిన స్థితికి వచ్చాడు. ప్రేక్షకుడు ఓదార్పుతో కాక, తానెక్కడ నిలబడ్డానన్న ప్రశ్నతో ఇంటికి పోతాడు.

ఊరేగింపు కేవలం నాటక కల్పన కాదు. టిల్ తీర్పు వచ్చిన రెండు నెలలకే 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కారం మొదలయినది. పదేళ్ళకు 1965 ఓటు హక్కుల చట్టం వచ్చినది. ఓటర్ల జాబితా మారినది, దానితో జూరీ జాబితా మారక తప్పలేదు. మెడ్గర్ ఎవర్స్ హంతకుని విషయంలో 1964లో రెండు జూరీలు ఏకాభిప్రాయానికి రాలేకపోయాయి. 1994లో నల్లవారూ ఉన్న జూరీ వాణ్ణి దోషి అన్నది. మూకహత్యను ప్రత్యేక నేరం చేసే కేంద్ర చట్టం టిల్ పేరుతో 2022లో గాని రాలేదు. ఈ చరిత్రలో ఆలస్యం ఎంత ఉన్నదో, పాఠం అంత ఉన్నది. జూరీని మార్చినది జూరీ మీద పెట్టుకున్న నమ్మకమూ కాదు, దాని మీద పుట్టిన నిరాశా కాదు. ఆ జూరీ ఎలా తయారవుతున్నదో తెలుసుకున్న ప్రజల కృషి.

మనకు ఇప్పుడు జూరీ లేదు. 1973 నేర విచారణ స్మృతితో అది అంతరించినది. అంతమాత్రాన మన ప్రశ్న తీరలేదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊరిలోనే కూర్చున్న ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టినది. జూరీ ఉన్న దేశంలో పన్నెండుగురు చేసినది, జూరీ లేని చోట సాక్ష్యాల తూకమూ, కాలయాపనా చెయ్యగలవు.

కారంచేడు, చుండూరుల తరువాత తెలుగు కవిత్వం మూగగా ఉండలేదు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం దళిత కవిత్వం ఎంత బలంగా లేచినదో చూపుతుంది. ఆ గొంతు లేకపోతే మనం ఈ చర్చ చేసే స్థితిలో కూడా ఉండేవాళ్ళం కాము. కాని కవిత్వం ఊరి పొలాల దగ్గర నిలబడినంత గట్టిగా మన కథ, నాటకం కోర్టు వరండాలో నిలబడవలసి ఉన్నది. సాక్షి ఎలా తయారవుతాడు, ఎలా మాయమవుతాడు, వాయిదాకూ వాయిదాకూ మధ్య కూలి పోగొట్టుకున్నవాడు ఎలా బతుకుతాడు, ఇవన్నీ రాయడానికి చట్టం లోపలి నుంచి చూసిన కన్ను కావాలి. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'తో ఆ దారి వేసి పెట్టాడు. ఆ దారిన నడిచినవారు చాలరు.

విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: పెద్దవాళ్ళకు శిక్ష పడనప్పుడు కథలు రాసి ఏమి లాభం? శిక్ష వేసే అధికారం రచయితకు లేదు, ఉండనక్కరలేదు. కాని తీర్పు ఒక కథ మీద నిలబడుతుంది, ఆ కథను జనం నమ్మినంత కాలమే నిలబడుతుంది. బ్రూక్స్ ఆ కథను కూల్చినది, బాల్డ్విన్ దానికి కాపలా కాసిన మంచివాళ్ళ మౌనాన్ని బయటపెట్టాడు, మోజ్ రైట్ బోనులో నిలబడి వేలు చూపించాడు. ముగ్గురూ చేసినది ఒకే పని. ప్రజల ఉక్రోషాన్ని నిట్టూర్పు కానివ్వకుండా దానికి చిరునామా చూపించే రచనను అభ్యుదయ రచన అంటాము. ఉక్రోషాన్ని జోకొట్టేది ఎంత అందంగా ఉన్నా, అది ఎవరి పక్షాన నిలుస్తున్నదో విమర్శకుడు చెప్పి తీరాలి.