గవాక్షిలో పడ్డ బంతి

ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకున్న మా మనవరాలు ఈ వారం పాత ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి ఫ్రెంచ్ వ్యాఖ్యానంతో పెట్టుకుంది. పరీక్షకు చెవి అలవాటు కావాలట. బంతి గోల్ పైమూలలో పడగానే వ్యాఖ్యాత గొంతెత్తి ‘ల్యూకార్న్’ అన్నాడు.

"ఏందమ్మా అది?"

"ఇంటికప్పులో ఉండే చిన్న కిటికీ, తాతా."

ఆ మాటతో నేను కడప జిల్లాలోని మా మట్టిమిద్దెలోకి వెళ్ళిపోయాను. వంటింటి కప్పులో జానెడు గవాక్షి. దాంట్లోంచి దిగిన ఎండ గోడమీద ఎక్కడికి వచ్చిందో చూసి అమ్మ మమ్మల్ని బడికి తరిమేది. వాన మొదలైతే మిద్దెక్కి దానిమీద బండ కప్పడం నా పని. కప్పగానే కిందంతా పొగ, చీకటి. ఆ జానెడు సందులో బంతి పడిందంటే ఎంత గురి ఉండాలో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రమంతా అడుగుతూనే ఉన్నాను. ఎదుటివాడి కాళ్ళ మధ్యనుంచి బంతిని పంపితే ‘పెతీ పోఁ’, అంటే చిన్న వంతెన. బంతిని ఒకపక్కనుంచి వదిలి, తను రెండోపక్కనుంచి చుట్టి వెళ్ళి అందుకుంటే పెద్ద వంతెన. పట్టికలో అడుగున ఉన్న జట్టు ‘లాంతెర్న్ రూజ్’, రైలు చివరి పెట్టెకు వేలాడే ఎర్రలాంతరు. తూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో కడపటివాడికీ అదే పేరు.

ఆటల్లోంచి ఇంగ్లిష్ మాటలు ఏరేయాలని ఈ కాలమ్‌లో ఏళ్ళుగా వాదిస్తున్నాను, మీకు తెలుసు. ఫ్రెంచివాళ్ళు నా పక్షాన సాక్ష్యం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. మ్యాచ్, పెనాల్టీ, డ్రిబుల్ వాళ్ళూ వాడతారు. 1998 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ మీద జిదాన్ తలతో కొట్టిన రెండు గోల్సూ కార్నర్ల నుంచే వచ్చాయి. కార్నర్‌ని వాళ్ళు ‘కోర్నెర్’ అనే అంటారు. ఫుట్‌బాల్‌ని కోసి ‘ఫుట్’ చేసుకున్నారు. అరువు మాటల్ని అలాగే ఉంచి, ఆటలో కంటికి నచ్చినదానికి తమ ఇంటి కప్పునుంచో ఊరి వాగునుంచో పేరు తెచ్చుకున్నారు.

మనకేం తక్కువ? ఈతకూ సైకిలుకూ కుస్తీకీ వాళ్ళకు ‘ఫేర్’ అనే ఒక్క క్రియ సరిపోతుంది. మనం ఈత కొడతాం, సైకిల్ తొక్కుతాం, కుస్తీ పడతాం, పరుగు తీస్తాం, కబడ్డీలో కూతకు వెళతాం.

కార్నర్ కార్నర్‌గానే ఉండనివ్వండి. నా పాత వాదం వదులుకుంటున్నాను. పైమూల గోల్‌ని మాత్రం మా ఇంట్లో ఇకనుంచి గవాక్షి అంటాం. చెడుగుడులో, గోటీబిళ్ళలో మీ ఊరి పిల్లలు వాడిన మాటలు ఎన్ని గుర్తుంటే అన్ని రాసి పంపండి.