లాకుల దగ్గర ఆగే ప్రయాణం

శారదా, వరాహ నదులు సముద్రాన్ని చేరే రాంబిల్లి ప్రాంతంలో పడవ అనగానే వేటకు వెళ్లే పడవే గుర్తుకు వస్తుంది. గట్ల నడుమ తీరికగా సాగే కాలువ ప్రయాణం ఎలాంటిదో తెలియాలంటే గోదావరి డెల్టాకు వెళ్లాలి. ఫ్రాన్సులో పాత సరకు పడవలను బాగుచేయించుకుని వారాల తరబడి కాలువల్లో తిరగడం నేడు పేరున్న విహారం. దానికి ఆధారమైన లాకులు, గట్టు బాటలు, లాగుడు తాళ్లు ఒకప్పుడు తెలుగువారి నిత్యజీవితంలోనూ భాగమే.

ఎగువ నీటికీ దిగువ నీటికీ మట్టంలో తేడా ఉన్నచోట, రెండు జతల తలుపుల మధ్య కట్టిన తొట్టినే లాకు అంటారు. పడవ అందులోకి చేరాక తలుపులు మూసి, నీటిని లోపలికి వదిలితే పడవ పైకి తేలుతుంది, బయటికి వదిలితే కిందికి దిగుతుంది. ఈ పని పూర్తయ్యేదాకా ప్రయాణికులు ఆగక తప్పదు, ఆ ఆగడంలోనే కాలువ ప్రయాణపు రుచి ఉంది.

ఫ్రాన్సు దక్షిణాన పియేర్ పాల్ రికే తలపెట్టిన 240 కిలోమీటర్ల మిడీ కాలువ 1681లో పూర్తయింది. అది రవాణా కోసమే తవ్వినది కనుక, కొండ వాగులను సెయింట్ ఫెరియోల్ జలాశయంలో పట్టి, ఆ నీటిని కాలువ మార్గంలో అత్యంత ఎత్తైన చోటికి మళ్లించి, అక్కడినుంచి రెండు వైపులకూ అందించారు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువల సంగతి వేరు: పొలానికి పారే నీరు కావాలి, పడవకు నిలకడైన నీరు కావాలి, ఒకే కాలువ ఈ రెండు పనులూ చేయాలి. అందుకే వాలు తక్కువగా ఉంచి, మట్టం దిగవలసినచోట లాకులు కట్టారు. ఎదురు నీటిలో గాలి కూడా తోడు రానప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఈ కాలువలను తలచుకునేవారు ఆ మనుషుల శ్రమను మరవకూడదు. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ పుట్టింది ఇలాంటి జీవితం నుంచే.

రైళ్లు, లారీలు వచ్చాక రెండు దేశాల్లోనూ కాలువల మీద సరకు తగ్గింది. అక్కడ విహార పడవలు రావడంతో అనేక లాకులు పనిచేస్తూనే ఉన్నాయి, ఇక్కడ నీరు పొలాలకు పారుతూనే ఉన్నా పడవలు దాదాపు కనుమరుగయ్యాయి. ఇది తెలుగు నేలకు జరిగిన పెద్ద నష్టం.

ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలుపుతుంది, కృష్ణకు దక్షిణాన కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువలు ఆ దారిని తమిళనాడు దాకా కొనసాగిస్తాయి. కాకినాడ–పుదుచ్చేరి కాలువల మార్గాన్ని 2008లో నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం ఈ దారికి ఒక కొస దగ్గర, పుదుచ్చేరి మరో కొసన ఉండడం విశేషం. ఇక్కడ విహార పడవ నడవాలంటే పాత లాకుల తలుపులు మళ్లీ తెరుచుకోవాలి, పడవ దూరలేనంత తక్కువ ఎత్తులో కట్టిన వంతెనలను మార్చాలి, మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేసే కాలాన్ని లెక్కలోకి తీసుకుని ప్రయాణాలను సార్వా, దాళ్వా పంటలకు నీరు వదిలే నెలలకే పరిమితం చేయాలి.