కట్టించింది ఎవరు?

పాత కట్టడాల మీద వచ్చే పుస్తకాలతో నాకో పేచీ వుంది. రాజుగారి పేరు వుంటుంది, స్తంభాల లెక్క వుంటుంది. సొమ్మిచ్చి కట్టించిన మనిషి మాత్రం ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో వుంటుంది. నాగార్జునకొండ విషయంలో యిది మరీ అన్యాయం. అక్కడి బౌద్ధ విహారాలు కట్టించిన వాళ్ళలో ముఖ్యులు ఆడవాళ్ళు మరి!

మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. శాంతమూల మహారాజు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం బౌద్ధుల మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. అడ్డుకొలత 106 అడుగులు, లోపలి ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా వుంటాయి. అప్పటికి రాజు వీరపురుషదత్తుడు, ఆవిడకి మేనల్లుడూ అల్లుడూ కూడా. మేనరికం మనకి కొత్త కాదుగా! తోడబుట్టినవాడిది యజ్ఞం, ఆవిడది స్తూపం. ఒకే ఇంట్లో రెండు దారులు.

ఇక విహారం సంగతి. మధ్యలో రాతి స్తంభాల మంటపం, చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు, దగ్గర్లో గుర్రపు నాడా ఆకారంలో చైత్యగృహం. మండువా ఇల్లు ఎరిగినవాళ్ళకి యిది అర్థం కావడానికి పండితులు అక్కర్లేదు. గది ఇరుకు, నలుగురూ చేరే చోటు విశాలం. ఏకాంతం కావాలి, కాని ఒంటరితనం వద్దు. ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ 529 ప్రాంతంలో మోంటే కాసినో కొండమీద మఠం పెట్టాడు. ఆయన బాటలో వెలసిన మఠాలు కూడా, నాలుగు వైపులా నడవలున్న ముంగిలి చుట్టూనే పెరిగాయి.

ఆ మోంటే కాసినో 1944 ఫిబ్రవరిలో బాంబులకి నేలమట్టమైంది. ఉన్నచోటనే, ఉన్నట్టుగానే మళ్ళీ కట్టుకున్నారు. 1964లో పోప్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. నాగార్జునకొండ లోయని ముంచింది ఏ శత్రువూ కాదు. 1955లో సాగర్ డ్యాముకి శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుంది కనుక 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండమీదికీ, కొన్నింటిని అనుపుకీ చేర్చారు. శ్రద్ధగానే చేశారు, కాదనను. ఆ నీళ్ళతో పండిన అన్నం ఎన్ని లక్షలమంది తింటున్నారో! కాని కొండమీద చూస్తే, సామాను సర్దిన అద్దె ఇల్లులా వుంటుంది. వస్తువులున్నాయి, పెరడు లేదు. ఏ విహారానికి ఏది పొరుగో, ఏటికి ఎంత దూరమో తెలీదు. కట్టడానికి చోటు కూడా ఒక గోడే కదా!

చోటు పోయినా మాట పోలేదు. బోధిశ్రీ అనే ఉపాసిక వుంది. రాణీ కాదు, రాజు కూతురూ కాదు. సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, తను చేసిన దానాలన్నీ రాతిమీద చెక్కించింది. ఆ పుణ్యంలో భర్తకీ, అత్తమామలకీ, బంధువులకీ వాటా పెట్టింది. స్తంభాలు లెక్కపెట్టే రచయితలు ముందు ఆ శాసనం చదివితే బాగుండును.

మా మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో గుడికి వెళ్ళినప్పుడు దాతల పలకలు ఓసారి చూడండి. "ఫలానావారు, ధర్మపత్నీ సమేతంగా" అన్న వరసే ఎక్కువ. గాజులమ్మి డబ్బిచ్చింది ఆవిడే అయినా సరే! పదిహేడు వందల ఏళ్ళ కిందటి బోధిశ్రీ పలకలో ఆ వరస తిరగబడింది. దానం ఆవిడది, పుణ్యంలో వాటా ఆయనది.