ఆసు యంత్రం పక్కన నిలబడ్డవాళ్లు

పోచంపల్లి చీర మగ్గమెక్కే ముందే ఒక మనిషి భుజం అరిగిపోతుంది. పేక నూలుకు చిటికి కట్టి రంగులు అద్దాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. వాటికెదురుగా ఒక మేకు. పోగు పట్టుకున్న చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లి, మేకును చుట్టి, మళ్లీ వెనక్కి రావాలి. ఒక్కో మేకుకు లెక్క ప్రకారం చుట్లు పడ్డాక పక్క మేకుకు జరగాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, అంటే నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలకు పోస్తే చెయ్యి 18,000 సార్లు తిరిగినట్టు. లెక్క తప్పిందా, డిజైన్ చెదిరిపోతుంది. ఇంత పనీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే.

పాత నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి ఈ పని చేసి భుజం నొప్పితో బాధపడ్డారు. ఆ నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది.

ఆ యంత్రం పనితనాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆసు పోసే చేతిలో మూడు కదలికలు కలిసిపోయి ఉంటాయి: పోవడం-రావడం, మేకును చుట్టడం, పక్క మేకుకు జరగడం. మనిషి చేతికి ఇవి విడివిడి పనులని కూడా తెలియదు. యంత్రానికి మాత్రం ఒక్కొక్కటీ విడగొట్టి నేర్పాలి. పోవడం, రావడం ఎవరైనా చేయించగలరు. పోగును తెంచకుండా, వదులు చేయకుండా మేకు చుట్టూ తిప్పడం, లెక్క నిండాక పక్కకు జరిపించడం అసలు కష్టం. మల్లేశం ఒక్కో కదలికనూ సాధించుకుంటూ పోయాడు. డబ్బులు అయిపోతే హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేశాడు. బాలానగర్‌లో అలా పనికి వెళ్లిన చోట ఒక యంత్రం కదిలే తీరు చూశాక, మిగిలిపోయిన ముడి వీడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే పెట్టుకున్నాడు: లక్ష్మీ ఆసు యంత్రం.

నన్ను కలచివేసేది ఆ బాలానగర్ ఘట్టమే. ఆ పారిశ్రామికవాడలో అలాంటి కదలికలు రోజూ చూసే ఇంజనీర్లు ఎంతమందో. వాళ్లలో ఒక్కరు ఒక్క ఆదివారం ఆలేరు వెళ్లి ఉంటే ఏడేళ్లలో కొన్నేళ్లయినా మిగిలేవని నా నమ్మకం. అయితే ఆ ఇంజనీరు ముందు లక్ష్మమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తిరిగే తీరు చూసి ఉండాలి. అది చూడకుండా గీసిన బొమ్మ ఎంత గొప్పదైనా ఆసుకు పనికిరాదు.

ఆ మర్యాద తెలిసినవాళ్లు ఆలస్యంగానైనా వచ్చారు. సైన్యంలో బ్రిగేడియర్‌గా చేసి రిటైరైన పోగుల గణేశం 2005లో ‘పల్లె సృజన’ను మొదలుపెట్టారు. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా నెలకొల్పిన హనీ బీ నెట్‌వర్క్‌తో కలిసి నడిచే స్వచ్ఛంద సంస్థ ఇది. ఈ సంస్థ కార్యకర్తలు ‘చిన్న శోధయాత్ర’ పేరుతో ఊరూరా కాలినడకన తిరుగుతారు. రైతునూ కమ్మరినీ నేతకారునీ ఇంటి ముందే కలిసి, పనిముట్టు చూసి, చెప్పింది రాసుకుంటారు. ఊరివాళ్ల ఎదుటే సత్కరిస్తారు. ఈ నెట్‌వర్క్ పెట్టుకున్న నియమాలు చిన్నవి, పాటించడానికి మాత్రం గట్టివి: జ్ఞానం ఎవరిదో వాళ్ల పేరు చెప్పాలి, తెలుసుకున్నది వాళ్ల భాషలోనే తిరిగి పంచాలి, దానిమీద లాభం వస్తే వాళ్లకు వాటా దక్కాలి.

మల్లేశం యంత్రం విషయంలో ఈ సాయం ఎలా పనిచేసిందో చూడండి. మేకు ఎక్కడుండాలో ఆయనకు చెప్పబోయినవాళ్లు లేరు. ఆయనకు చేతకానిది వేరే ఉంది. ఇలాంటిది ఇంతకుముందు ఎవరైనా చేశారా అని వెతకడం, తనది ఏ భాగమో కాగితం మీద తేల్చి చెప్పడం, పేటెంట్ దరఖాస్తు పెట్టడం, ఢిల్లీ దాకా పేరు చేర్చడం. ఆ భారం బయటివాళ్లు మోశారు. 2009లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ అవార్డు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. పేటెంట్ ఆయనకే దక్కింది. యంత్రం చెక్క నుంచి ఇనుముకు, ఎలక్ట్రానిక్ నియంత్రణకు మారినా అది ఆయన యంత్రంగానే మిగిలింది. తోడు నిలబడడంలో పనితనం అంటే నాకు ఇదే.

పాత మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇంకో ముచ్చట. గద్వాల ప్రాంతంలోని ఒక సర్కారు బడి విద్యార్థిని పల్లికాయ పొట్టుతో మొక్కల కుండీలు చేసింది. నర్సరీల్లో వాడే నల్ల ప్లాస్టిక్ సంచి బదులు ఇది వాడితే మొక్కతో పాటే నేలలో పెట్టేయొచ్చు, మట్టిలో కలిసిపోతుంది. చేత్తో ఎన్ని చేయగలదు? హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ ఇంజనీర్లు ఆ కుండీలను ఒత్తి తీసే యంత్రం తయారుచేసి ఇచ్చారు. ఆలోచన పల్లెది, ప్రెస్సు పట్నానిది.

ఇలా తోడు నిలబడే పనికి కంపెనీలు ఉద్యోగులను పంపడమూ ఉంది. ఐబీఎం 2008లో తన ఉద్యోగులను కొన్ని వారాల పాటు వర్ధమాన దేశాలకు పంపి, అక్కడి సంస్థలకు ఉచితంగా పనిచేయించే కార్యక్రమం ప్రారంభించింది. మంచి పనే. మన గచ్చిబౌలి ఉద్యోగికి విమానం కూడా అక్కర్లేదు. ఆలేరు వరంగల్ రైలు దారిలోనే ఉంది. ఇరవై వేల రూపాయల యంత్రానికి ఖర్చు, ధర, లాభం లెక్కగట్టడం, డ్రాయింగ్ వేయడం, బ్యాంకు వాళ్లకు అర్థమయ్యేలా రెండు పేజీలు రాయడం ఆ ఉద్యోగి రోజూ ఆఫీసులో చేసే పనులే. పల్లెలో ఆ పనులు చేసిపెట్టే మనిషి దొరకడు.

కనుక హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగాలు చేస్తున్న నల్లగొండ, పాలమూరు బిడ్డలకు ఒక విన్నపం. ఈసారి చిన్న శోధయాత్ర ఎప్పుడో కనుక్కొని వెళ్లండి. మొదటిరోజు సలహా ఏమీ ఇవ్వకండి. పనిచేసే చెయ్యి చూడండి, చెప్పింది రాసుకోండి, రాసిన కాగితం మీద ముందు వాళ్ల పేరు పెట్టండి.