కొలనులో నాచు: ముందు కర్ర, తర్వాతే మందు

పెరటి కొలనులో పెరుగుతున్న నాచు ఏదో రంగు చూసి చెప్పలేం. నిరపాయమైనదీ, పశువు ప్రాణం తీయగలిగేదీ ఒకే పచ్చదనంతో కనిపిస్తాయి. అందుకే ముందుగా ఒక కర్రను నీటి పైభాగంలో తిప్పి పైకెత్తి చూడాలి.

కర్రకు పోగులు వేలాడితే అది పోగునాచు. వేళ్ల మధ్య మెత్తగా జారిపోతే చాలావరకు స్పైరోగైరా, గరుకుగా ఉంటే క్లాడోఫోరా, ఐదారు మూలల గళ్లతో వలలా అల్లుకుంటే హైడ్రోడిక్టియాన్. స్పైరోగైరా అడుగున మొదలవుతుంది. పగటి వెలుతురులో అది విడిచే ఆక్సిజన్ బుడగలు పోగుల్లో చిక్కుకోవడంతో తెట్టులా పైకి తేలుతుంది. చూడటానికి రోతే గాని, కర్రకు చుట్టి లాగేస్తే సరిపోతుంది.

చిట్టి ఆకులు, వాటికి సన్నని వేర్లు కనిపిస్తే అది నాచే కాదు, లెమ్నా లాంటి మొక్క. కారా సంగతి దీనికి తలకిందులు. కాండం, కొమ్మలు ఉన్నట్టు కనిపించినా అది నాచే. నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది, వేళ్లకు సున్నపు గరుకు తగులుతుంది.

పోగులేవీ రాకుండా కర్రకు పచ్చటి పెయింటులాంటి పూత అంటితే మాత్రం చేయి పెట్టకూడదు. అది మైక్రోసిస్టిస్ లాంటి సయనోబాక్టీరియా కావచ్చు. చేతికి తొడుగు వేసుకుని, గాజుసీసాలో ముప్పాతిక వరకు ఆ నీళ్లు పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. కణాల్లోని గాలి అరల వల్ల సయనోబాక్టీరియా పైకి తేలి పొర కడుతుంది. మామూలు పచ్చనాచు ఎక్కువగా అడుక్కి దిగుతుంది. అయితే యూగ్లీనా అనే సూక్ష్మజీవి కూడా ఈదుకుంటూ పైకి చేరగలదు. కాబట్టి సీసా అనుమానం కలిగిస్తుందే తప్ప తీర్పు చెప్పదు, ఆ పని మైక్రోస్కోపుదే. మైక్రోసిస్టిస్ తయారుచేసే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నీళ్లు కాచినా పోదు.

ఏదో తేలకముందే మైలుతుత్తం చల్లడం చాలామంది చేసే పని, అంతకంటే తొందరపాటు లేదు. సయనోబాక్టీరియా కణాలు ఒక్కసారిగా పగిలితే లోపలి విషమంతా నీటిలో కలుస్తుంది. ఏ నాచైనా చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది; తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అసలు నాచుకు బలమిచ్చేవి భాస్వరం, నత్రజని. తినగా మిగిలిన మేత, రాలిన ఆకులు, వానకు కొట్టుకొచ్చే ఎరువు వాటిని నీటికి చేరుస్తాయి. వీటిని ఆపకుండా ఎన్నిసార్లు నాచు తీసినా మళ్లీ పడుతుంది. అనుమానం తీరేదాకా ఆ నీళ్లు పశువుల్నీ, కుక్కల్నీ తాగనివ్వకండి.