పిల్లి కంట వెలుగు

పెంపుడు పిల్లికి చిత్తరువు తీయడం, అంటే దాని రూపంతోపాటు స్వభావాన్నీ ఛాయాచిత్రంలో నిలపడం, మనుషులను కూర్చోబెట్టి తీసే పనికన్నా ఎక్కువ ఓర్పు కోరే విద్య. ఇంగ్లండులోని బ్రైటన్‌లో హ్యారీ పాయింటర్ 1870ల దశకంలోనే పిల్లుల చిత్రాలను చిన్న కార్డులుగా వేసి పేరు పొందాడు. అమెరికాలో వాల్టర్ చాందోహా 1949లో న్యూయార్క్ మంచులో దొరికిన పిల్లికూనతో మొదలుపెట్టి జీవితమంతా ఈ పనికే అంకితమయ్యాడు.

మన దేశంలో, గుజరాత్‌లోని సూరత్‌లో, ఈ పనికి తొలి పరీక్ష ఎండ. మిట్టమధ్యాహ్నపు వెలుగులో పిల్లి కంటిపాప నిలువు గీతలా సన్నబడి చూపు కరుకుగా కనిపిస్తుంది. నీడపట్టున అదే పాప గుండ్రంగా విచ్చుకొని ముఖానికి ఎంతో మెత్తదనం తెస్తుంది. కాబట్టి, మరమగ్గాల పనికి వలస వచ్చిన తెలుగు పద్మశాలీలు స్థిరపడిన లింబాయత్ ప్రాంతంలోని ఇరుకింట్లోనైనా, గడప దగ్గర పక్కనుంచి పడే వెలుగును ఎంచుకొని, నేలపై బోర్లా పడుకొని కెమెరాను పిల్లి కళ్ల ఎత్తుకు దించగలిగినవాడే నేర్పరి. అతడు ఫ్లాష్ జోలికి పోడు. ఫ్లాష్ వేస్తే, పిల్లి కంట్లో రెటీనా వెనుక ఉండే టాపెటం అనే అద్దంలాంటి పొర ఆ వెలుగును తిప్పికొట్టడంతో కళ్లు పచ్చగా మండుతున్నట్టు పడతాయి.

వజ్రాలకు సానపట్టే ఈ నగరంలో మెరుపు విలువ వేరే చెప్పనక్కర్లేదు. తడి కంటిపై తలుపు సందు ఆవగింజంత తెల్లని చుక్కగా ప్రతిఫలించినప్పుడే చిత్తరువుకు ప్రాణం వస్తుంది. మగ్గం చప్పుడుకు ఒక చెవి పక్కకు తిరిగినా చూపు మాత్రం ఇటే నిలిచిన ఆ క్షణం కోసం ఆ నేర్పరి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు.