చెరకు నేలలో ఆగమన కాలం

2009 నవంబర్ 29న కేసీఆర్ తెలంగాణ రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు బయల్దేరి అరెస్టయ్యారు. ఆ ఆదివారంతోనే క్రైస్తవుల ఆగమన కాలం మొదలైంది. డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. డిసెంబర్ 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, ఆ మాట వెనక్కి పోయింది. ఆరేళ్ల తర్వాత మళ్లీ డిసెంబర్ 23నే బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించారు. ఇంకా వెనక్కి పోతే, నిజాం సర్కారు భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నది 1947 నవంబర్ 29న. తెల్లవారితే ఆగమన కాలపు తొలి ఆదివారం. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి అప్పటికి రెండు నెలలు. ఊళ్లలో రజాకార్ల భయం.

తేదీలు ఇలా కలవడంలో మహిమేమీ లేదు. అయితే, నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే చేసుకునే ఆచారం కాదు ఆగమన కాలం అని, బోధన్ ఉన్న ఇందూరు (నిజామాబాద్) జిల్లాకు మాత్రం బాగా తెలుసు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలమే. చర్చిలో బల్ల మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. శ్రమల దినాల్లో పరిచేదీ అదే రంగు. కేథలిక్కులు, చాలా ప్రొటెస్టెంటు సంఘాలు పాటించే పఠన క్రమంలో మొదటి వారం పశువుల తొట్టి ఊసే ఉండదు. లోకం తల్లకిందులయ్యే రోజుల గురించి, మెలకువగా ఉండమని యేసు చెప్పిన మాటలు చదువుతారు. రెండు, మూడు వారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి. మరియమ్మ కోసం నాలుగో వారం దాకా ఆగాలి. పండగను ఇలా కావాలనే ఆలస్యం చేస్తారు. చీకటిని చూడకుండా వెలుగు దగ్గరికి దాటిపోకూడదని ఆ ఏర్పాటు.

కొవ్వొత్తుల చక్రం సంగతీ అంతే. 1839లో హాంబుర్గులో యోహాన్ విహెర్న్ అనే పాదిరి, తాను సాకుతున్న బీద పిల్లలు పండగ ఎప్పుడని అడుగుతుంటే, పాత బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చాడు. రోజుకొక చిన్నది, ఆదివారానికొక పెద్దది. నేడు చర్చిల్లో పెద్దవి నాలుగే మిగిలాయి. మొదటి వారం ఒకటి, నాలుగో వారానికి నాలుగు. చెరకు బండ్లు తిరిగిన నేలకు ఆ చక్రం పరాయిదేమీ కాదు.

నన్ను ఎక్కువగా కదిలించేది మూడేళ్లకొకసారి రెండో ఆదివారం వచ్చే లూకా సువార్త మూడో అధ్యాయం. తిబెరి కైసరు, పిలాతు, హేరోదు, ఫిలిప్పు, లుసానియ, అన్న, కయప అని ఏడుగురు అధికారుల పేర్లు వరసగా చదువుతారు. ఆ తర్వాత దేవుని వాక్కు వచ్చింది ఆ ఏడుగురిలో ఒక్కరికీ కాదు, అడవిలో ఉన్న యోహానుకు. ఆగమన కాలపు మెళకువంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఎవరి ఏలుబడిలో ఉన్నామో దాచదు. అలాగని వాళ్ల గుమ్మం దగ్గర ఆగిపోదు. మరియమ్మ పాటలో కూడా సింహాసనాల మీదున్నవాళ్లు దిగుతారు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది. దాన్ని జోలపాటలా పాడేసుకోవడం అన్యాయం.

బోధన్‌కు ఎదురుచూపు కొత్త కాదు. 1937లో నెలకొల్పిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు దానికి చేరేది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. క్రషింగ్ సాగాల్సిన డిసెంబర్‌లో, 2015లో ఆగిపోయింది. తెరిపిస్తామన్న హామీ ఎన్నికల్లో వినిపిస్తూనే ఉంది. 2023లో ఓట్లు లెక్కపెట్టి, ప్రభుత్వం మారుతుందని తేలిన డిసెంబర్ 3 కూడా ఆగమన ఆదివారమే. మరుసటి ఏడాది పునరుద్ధరణకు కమిటీ వేశారు.

ఉద్యోగం పోయిన కార్మికుడితో "ఓపిక పట్టు, దేవుడే చూసుకుంటాడు" అని సంఘం ఊరుకుంటే అది విశ్వాసం అనిపించుకోదు. "ఎన్నాళ్లయ్యా?" అని దేవుణ్ణే నిలదీసే కీర్తనలు బైబిల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ప్రశ్న నోరారా అడగడానికే ఈ నాలుగు వారాలు. తన బతుకు మీద చివరి మాట ఏ ప్రభుత్వానిదీ కాదని నమ్మినవాడు, హామీ ఇచ్చినవాణ్ణి భయం లేకుండా అడగగలడు. ఏ పార్టీ గెలిచినా, ఓడినా అడగడం మానడు.

ఆ ఆశ చేతల్లో ఎలా ఉంటుందో చూడాలంటే డిచ్‌పల్లి దాకా పోతే చాలు. 1907లో స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1915లో అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. యూరప్‌లో మహాయుద్ధం నడుస్తోంది. వాళ్లకు అండగా నిలిచి డబ్బిచ్చిన దాత రాజా నర్సాగౌడ్, హిందువు. అప్పటికి ఆ జబ్బుకు గట్టి మందు లేదు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవాళ్లు. నొప్పి భరిస్తూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆ సూదులు వేయించుకోవాలి. నిజంగా నయంచేసే సల్ఫోన్ మందులు 1940లలో గాని రాలేదు. ఇసబెల్ 1932లోనే చనిపోయింది. యుద్ధం ముగిశాక చూద్దామనో, మంచి మందు వచ్చాక మొదలుపెడదామనో ఆమె ఆగలేదు.

ఇప్పుడు మన దగ్గర డిసెంబర్ మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్ కేకు కోసేస్తున్నారు. వేదిక మీదికి నాయకుల్ని పిలిచి శాలువాలు కప్పుతున్నారు. ఆగమన కాలం పాటించని సంఘాలు చాలా ఉన్నాయి, వాళ్లను తప్పుపట్టను. పాటించేవాళ్లనే అడుగుతున్నాను, పండగ పాటల్ని చివరి వారం దాకా ఆపండి. ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో ముఖ్యమంత్రితో పాటు శక్కర్‌నగర్ పాత కార్మికుల్ని, చెరకు వదిలి వరికి మళ్లిన రైతుల్ని కూడా తలచుకోండి. క్యారల్స్‌కు తిరిగే యువకులు ఈసారి మొదట ఆ కార్మికుల ఇళ్లకే పోవాలి. పాట అయిపోగానే తర్వాతి ఇంటికి పరుగెత్తకుండా కాసేపు కూర్చొని, పోయిన ఉద్యోగాల కేసులు ఎందాకా వచ్చాయో, పిల్లల చదువు ఎలా సాగుతోందో అడగాలి.